యూ-180: దూరం కోసం కట్టిన నౌకలో వేగం ఇంజన్లు

1943 ఫిబ్రవరి 9న జర్మనీ ఉత్తర తీరంలోని కీల్ రేవు నుంచి యూ-180 అనే జలాంతర్గామి బయలుదేరింది. అందులో సుభాష్ చంద్రబోస్, ఆయన వెంట హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్ ఉన్నారు. మన దగ్గర ఈ నౌక గురించి వచ్చిన రాతలు దాదాపు అన్నీ ఆ ప్రయాణంతోనే మొదలవుతాయి, ఆ ప్రయాణంతోనే ఆగిపోతాయి. బోస్ దిగిపోయాక నౌక ఏమైందో, అసలు అంత దూరం పోవడానికి దాన్ని ఎలా కట్టారో ఎవరికీ పెద్దగా పట్టలేదు. అంతటి మనిషిని పంపేటప్పుడు జర్మనీ తన దగ్గరున్న మేటి జలాంతర్గామినే ఇచ్చి ఉంటుందని అనుకోవడం సహజం. నౌక సాంకేతిక వివరాలు, దాని సేవా చరిత్ర చూస్తే ఆ అభిప్రాయం నిలబడదు. జర్మన్ నౌకాదళం వాడి చూసి, కొన్ని నెలల్లోనే పక్కన పెట్టేసిన నమూనా అది. ఎందుకు పక్కన పెట్టారో ఆధారాలతో చెప్పుకోవచ్చు. ఎక్కడ ఆధారం బలంగా ఉంది, ఎక్కడ ఊహ మొదలవుతుంది అన్నది కూడా విడదీసి చూపాలి. ఈ వ్యాసం ఆ పనికే.

ముందు ఆ వంశం సంగతి. జర్మనీ రెండో ప్రపంచయుద్ధంలో ఎక్కువగా వాడింది టైప్ 7 జలాంతర్గామి. అందులో ప్రధాన రూపమైన 7సీ నీటిపైన ఉన్నప్పుడు 769 టన్నులు, పొడవు 67 మీటర్లు. 10 నాట్ల వేగంతో పోతే 8,500 నాటికల్ మైళ్లు వెళ్లగలదు. ఉత్తర అట్లాంటిక్‌లో నౌకా బృందాల మీద పడడానికి ఇది చాలు. అమెరికా తూర్పు తీరానికీ, ఆఫ్రికా కొసకూ పోవాలంటే చాలదు. ఆ పని కోసం 1930ల మధ్యలో టైప్ 9 గీశారు. ప్రజర్ హల్, అంటే నీటి ఒత్తిడిని తట్టుకునే గట్టి ఉక్కు గొట్టం, దాని చుట్టూ మరో పైతొడుగు, ఆ రెండింటి నడుమ ఇంధనం, నీటి తొట్లు. ముందు నాలుగు, వెనక రెండు టార్పెడో గొట్టాలు. అదనపు టార్పెడోలు కొన్నింటిని డెక్కు కింద నీరు చొరని గొట్టాల్లో పెట్టుకునేవారు. విశాలమైన డెక్కు వల్ల మనుషులకు, సరుకుకు కాస్త వీలు చిక్కింది. అదే డెక్కు వల్ల నౌక నీటిలో మునగడం కొంచెం ఆలస్యమయ్యేది. విమానం కనబడ్డాక ఒక్కొక్క సెకనుకూ విలువ ఉండే యుద్ధంలో ఇది చిన్న లోపం కాదు.

దూరపు వేటలో ఈ తరగతి ఫలితాలు చూపించింది. 1941లో యూ-107 ఒకే యాత్రలో 14 నౌకలను ముంచింది. యుద్ధం మొత్తంలో ఏ జలాంతర్గామి ఒక్క యాత్రలోనూ అంత టన్నేజీ ముంచలేదు. 1942 జనవరిలో అమెరికా తీరం మీద మొదట పడ్డవి కూడా టైప్ 9 నౌకలే. ఆ తరువాత జర్మన్ నౌకాదళం చూపు హిందూ మహాసముద్రం వైపు మళ్లింది. అక్కడికి పోయి, వేటాడి, తిరిగి రావాలంటే టైప్ 9లోని 9సీ రూపం కూడా సరిపోదు. అందుకే నౌకను ఇంకా పొడిగించారు. 76 మీటర్ల చిల్లర ఉన్న పొడవు 87.58 మీటర్లయింది, నీటిపై బరువు 1,100 టన్నుల నుంచి 1,600 టన్నులు దాటింది. ఇదే 9డీ. యూ-180 ఈ కుదురులో పుట్టింది.

ఆరు ఇంజన్లు

9డీకి రెండు రూపాలున్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. అసలు తేడా ఇంజన్ గదిలో ఉంది. ఎక్కువ సంఖ్యలో కట్టిన 9డీ2లో రెండు పెద్ద మాన్ డీజిల్ ఇంజన్లు పెట్టి, నిదానంగా దూరం పోవడానికి వాటికి తోడు రెండు చిన్న డీజిళ్లు ఇచ్చారు. 9డీ1లో మాత్రం మెర్సిడెస్-బెంజ్ ఎంబీ 501 ఇంజన్లు ఆరు బిగించారు. ఇవి 20 సిలిండర్ల ఇంజన్లు. తీరం దగ్గర టార్పెడోలు వేసి పారిపోయే వేగపు పడవల కోసం తయారైనవి. ఒక్కొక్కటి 1,500 అశ్వశక్తి, మొత్తం 9,000. ఈ రూపంలో కట్టినవి రెండే: యూ-180, యూ-195. రెండూ బ్రెమెన్‌లోని ఏజీ వేసర్ ఓడల కర్మాగారంలోనే తయారయ్యాయి. యూ-180 1942 మేలో నౌకాదళంలో చేరింది. కెప్టెన్ వెర్నర్ ముసెన్‌బెర్గ్.

అంత శక్తి పెట్టి వాళ్లు పొందింది ఎంత? నీటిపైన 9డీ2 గరిష్ఠ వేగం 19.2 నాట్లు, 9డీ1ది 20.8. అంటే 1.6 నాట్ల లాభం. 9డీ2 ప్రధాన ఇంజన్ల శక్తి 4,400 అశ్వశక్తి. దానితో పోలిస్తే 9డీ1 శక్తి రెట్టింపు దాటింది. 9డీ2లోని చిన్న డీజిళ్లను కూడా కలిపి లెక్కిస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది. అయినా లాభం లాభంలా కనబడదు. ఇందులో వింతేమీ లేదు. నీటిలో కదిలే నౌకకు కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాదాపు వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం ఇంకా పెరిగితే నౌక లేపే అలల వల్ల ఖర్చు అంతకన్నా ఎక్కువవుతుంది. ఓడలు గీసే వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. మరి తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారంటే, ఆనాటి వ్యూహం నుంచి ఒక కారణం ఊహించవచ్చు. జలాంతర్గామి రాత్రిపూట నీటిపైనే పరుగెత్తి నౌకా బృందాన్ని దాటి ముందుకు పోయి కాపు కాయాలి. ఆ పరుగులో ఒకటి రెండు నాట్లు కూడా విలువైనవే. ఇది నా అంచనా. అలాంటి నిర్ణయానికి దారితీయగల పరిస్థితి ఉందని మాత్రమే చెబుతున్నాను.

దూరం లెక్క ఇంకా స్పష్టంగా ఉంది. 12 నాట్ల వేగంతో 9డీ2 23,700 నాటికల్ మైళ్లు పోగలదని, 9డీ1 9,900 మైళ్లు పోగలదని రూపకల్పన పట్టికలు చెబుతాయి. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. జలాంతర్గాముల దూరాలు కొన్ని పుస్తకాల్లో 10 నాట్ల లెక్కన, మరికొన్నింటిలో 12 నాట్ల లెక్కన ఉంటాయి. వేగం రాయకుండా దూరం ఒక్కటే రాస్తే ఆ అంకెకు అర్థం లేదు. రెండోది, ఈ తేడా మొత్తాన్ని ఇంజన్ల తిండి మీదకు తోసేయకూడదు. రెండు రూపాలూ మోసుకుపోయే చమురు ఒకే మోతాదు కాదు. ఇవన్నీ తీసేసినా ఒక మాట మిగులుతుంది. హిందూ మహాసముద్రం కోసం పొడిగించిన నౌక, వేగం ఇంజన్లు పెట్టేసరికి ఆ సముద్రానికి పోయి రావడానికే ఇబ్బంది పడే నౌక అయింది. కీల్ నుంచి బ్రిటన్‌కు ఉత్తరంగా చుట్టుకుని, అట్లాంటిక్ మొత్తం దిగి, ఆఫ్రికా కొసను దాటి మడగాస్కర్ దాకా పటం మీద కొలిస్తే, ఒక వైపు ప్రయాణమే ఆ 9,900 మైళ్లకు దగ్గరగా వస్తుంది. దారిలో చమురు అందుకోకుండా రానూపోనూ తిరగడం ఆ లెక్కలో కుదరదు.

వాడకంలో ఇంకో సంగతి బయటపడింది. ఆ ఇంజన్లు వేడెక్కేవి, దట్టంగా పొగ వదిలేవి. వేగపు పడవ రాత్రి బయలుదేరి తెల్లారేలోగా రేవుకు తిరిగి వస్తుంది. దాని ఇంజన్లు కొద్ది గంటలు తీవ్రంగా పనిచేసి తరువాత మెకానిక్కుల చేతికి వెళ్తాయి. జలాంతర్గామి ఇంజన్ నెలల తరబడి నడవాలి. పైగా భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన సముద్రపు నీటితోనే చల్లబడాలి. బాగుచేయాల్సిందీ అలల మీద ఊగే ఇరుకు గదిలో ఆ నౌక మనుషులే. ఆ గదిలో పెద్దవి రెండు ఇంజన్లు ఉండాల్సిన చోట ఆరు ఉంటే, సిలిండర్లు 120. ఇంజెక్టర్లు, వాల్వులు, పైపులు అన్నీ అదే మోతాదులో పెరుగుతాయి. పొగ సంగతి ఇంకా చెడ్డది. దాక్కోవడమే బలంగా ఉన్న నౌక ఎక్కడుందో దాని పొగే పట్టించేది.

ప్రయాణంలో నిలిచే సాక్ష్యాలు

బోస్‌ను జలాంతర్గామిలో పంపాలన్న ఆలోచన 1942 మేలో హిట్లర్‌ను ఆయన కలిసిన నాటికే ఉంది. విమానంలో పంపే మార్గం కూడా చర్చకు వచ్చింది. చివరికి బయలుదేరేసరికి స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సైన్యం లొంగిపోయి వారమే అయింది.

ఈ ప్రయాణం గురించి మనకు మూడు రకాల సాక్ష్యాలున్నాయి. కెప్టెన్ రోజూ రాసే యుద్ధ దినచర్య ఒకటి. ఫొటోలు రెండోది. ఆబిద్ హసన్ తరువాతి కాలంలో చెప్పిన జ్ఞాపకాలు మూడోది. మూడింటినీ ఒకే త్రాసులో తూయకూడదు. దినచర్యలో తేదీ, వేళ, స్థానం, దాడి వివరాలు ఉంటాయి. అది పై అధికారులు చదవడానికి రాసింది కాబట్టి తన తప్పులు కెప్టెన్ తగ్గించి రాయవచ్చు. తేదీల విషయంలో మాత్రం అదే గట్టిది. జ్ఞాపకాల్లో తేదీలు చెదిరిపోవచ్చు. నౌక లోపల బతుకు ఎలా ఉందో చెప్పేది మాత్రం అవే.

హసన్ జ్ఞాపకాల్లో అన్నిటికన్నా ముందు వచ్చేది డీజిల్ వాసన. తినే రొట్టె కూడా డీజిల్లో నానబెట్టినట్టు ఉండేదని ఆయన గుర్తు చేసుకున్నారు. నౌక సామాన్లలో బియ్యం, పప్పు కనబడితే ఖిచిడీ వండారు. బోస్ ఒక్కరే తినకుండా జర్మన్ అధికారులను కూడా పిలిచి పెట్టారు. బియ్యం త్వరగా అయిపోతాయేమోనని హసన్‌కు బెంగ పట్టుకుంది. జర్మనీలో ఇంజనీరింగ్ చదవడానికి వెళ్లి బోస్ వెంట నడిచిన ఆ హైదరాబాదీ, తరువాత స్వతంత్ర భారత రాయబారిగా డెన్మార్క్‌లో పనిచేశారు. ఖిచిడీ సంగతి చిన్నదే. కానీ పటాలు, ఇంజన్ల పట్టికలు చెప్పలేని ఒక విషయం చెబుతుంది. నౌకలో తిండికీ, నిద్రకూ వేరే చోటు లేదు. ఇంజన్ గాలి పీల్చుకుంటూనే అన్నీ చేయాలి.

ఒక దాడి వేళ ఆజ్ఞలో పొరపాటు జరిగి, శత్రునౌక తమను దాదాపు ఢీకొట్టిందనీ, ఆ అలజడిలోనూ బోస్ తనకు చెప్పి రాయిస్తున్న పని ఆపలేదనీ కూడా హసన్ చెప్పారు. ఈ కథనాన్ని రెండు ముక్కలుగా చూడాలి. బోస్ ఎలా నడుచుకున్నారన్నదానికి హసన్ కళ్లారా చూసిన సాక్షి. బయట ఏ నౌక, ఎంత దూరంలో, ఏ వైపు నుంచి వచ్చిందన్నదానికి ఆయన సాక్షి కారు. ఆయన ఉన్నది పెరిస్కోప్ దగ్గర కాదు, కాగితాల దగ్గర. ఇలా విడదీయడం ఆయన మాటను తగ్గించడం కాదు, అది బలంగా ఉన్న చోట దానికి పూర్తి విలువ ఇవ్వడమే.

దినచర్య తేల్చి చెప్పే సంగతి ఒకటుంది. 1943 ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా తీరానికి దూరంగా యూ-180 కోర్బిస్ అనే బ్రిటిష్ చమురు ఓడను ముంచింది. ఆ ఓడ 8,132 టన్నులు. అందులోని వారిలో అధిక భాగం చనిపోయారు. అప్పుడు బోస్ నౌకలోనే ఉన్నారు. ఆయన ప్రయాణాన్ని సాహసగాథగా రాసేవారు ఈ ముక్కను ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. అలా దాటేయకూడదని నా అభిప్రాయం. రహస్య ప్రయాణికుణ్ణి మోసుకెళ్తున్నా యూ-180 యుద్ధనౌకగానే నడిచింది. ఆ ప్రయాణంలో మనుషులు చనిపోయారు.

ఏప్రిల్ చివరి వారంలో మడగాస్కర్ సమీప జలాల్లో జపాన్ జలాంతర్గామి ఐ-29 ఎదురైంది. 26న రెండూ కలుసుకున్నా సముద్రం కల్లోలంగా ఉండటంతో మార్పిడి కుదరలేదు. రెండూ కలిసే కదిలాయి. చివరికి 28న బోస్, హసన్ రబ్బరు పడవలో తాడు పట్టుకుని, అలల్లో తడిసి ముద్దవుతూ అవతలి నౌకకు చేరారు. కలిసిన చోటు గురించి పుస్తకాలు ఏకమాట చెప్పవు. మడగాస్కర్‌కు ఆగ్నేయంగా 300 మైళ్లని కొన్నింటిలో, నైరుతి వైపు 400 మైళ్లని మరికొన్నింటిలో, మొజాంబిక్ దగ్గరని ఇంకొన్నింటిలో ఉంటుంది. రెండు రోజులు కలిసి కదిలిన నౌకలకు మొదట కలిసిన చోటు, మార్పిడి జరిగిన చోటు వేరు వేరు. మబ్బు పట్టి నక్షత్రాలు కనబడకపోతే స్థానాన్ని వేగం, దిశ, గడిచిన కాలం బట్టి అంచనా కట్టేవారు. ఈ తేడాలకు కొంత కారణం అదై ఉండవచ్చు. తేదీ విషయంలో ఇంత గొడవ లేదు. ఐ-29 సిబ్బందితో ముందు వరసలో బోస్ కూర్చున్న ఫొటో ఉంది. దాని తేదీ 1943 ఏప్రిల్ 28.

ఆ నడిసముద్రంలో మారింది ఇద్దరు మనుషులే కాదు. జపాన్ వైపు నుంచి సుమారు 11 టన్నుల సరుకు యూ-180లోకి వచ్చింది. అందులో బెర్లిన్‌లోని జపాన్ రాయబార కార్యాలయం కోసం 2 టన్నుల బంగారం ఉంది. టెట్సుషిరో ఎమి, హిదేయో టొమొనాగా అనే ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు కూడా వచ్చారు. టొమొనాగా జలాంతర్గాముల నిర్మాణంలో నిపుణుడు. రెండేళ్ల తరువాత యూ-234 నౌకలో జపాన్‌కు తిరిగి వెళ్తుండగా జర్మనీ లొంగిపోయింది. ఆయన శత్రువు చేతికి చిక్కకుండా ప్రాణం తీసుకున్నారు. జర్మన్ వైపు నుంచి జపాన్‌కు జలాంతర్గాముల నమూనా పటాలు, ఆయుధాల నమూనాలు వెళ్లాయి. బోస్ ఐ-29లో మే ఆరంభంలో సుమత్రా ఉత్తర కొసన ఉన్న సబాంగ్ చేరి, అక్కడి నుంచి విమానంలో టోక్యో వెళ్లారు.

ఈ భేటీని మన చరిత్ర బోస్ కోణం నుంచి చూసింది. నౌకాదళాల కోణం నుంచి చూస్తే ఇది సరుకు మార్పిడి. నీటిపైన నడిచే ఓడలకు ఆ దారి మూసుకుపోతున్న రోజులవి. జర్మనీ, జపాన్‌ల మధ్య అరుదైన సామగ్రి, పటాలు, మనుషులు ఇక జలాంతర్గాముల్లోనే పోవాలి. పరుగు కోసం కట్టిన యూ-180 నిజంగా పనికివచ్చింది మోత కోసం. దాని భవిష్యత్తు కూడా అటే నడిచింది.

తిరిగి వచ్చాక

తిరుగు ప్రయాణంలో జూన్ 3న యూ-180 గ్రీకు సరుకు ఓడ బోరిస్‌ను ముంచింది. జూలై మొదటి రోజుల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో చేరింది. కీల్ వదిలి 140 రోజులు దాటాయి. వేటాడినవి రెండు ఓడలు, 13,298 టన్నులు. ఇదే ఆ నౌక జీవితంలోని మొత్తం వేట. ఈ అంకె చూసి నౌక చెడ్డదని తీర్పు చెప్పడం తొందరపాటు. దాని మొదటి పని ప్రయాణికులను చేర్చడం, వేట రెండోది. తోడు నౌక యూ-195 అదే వసంతంలో రెండు అమెరికన్ ఓడలను ముంచి, మరొకదాన్ని దెబ్బతీసింది. అదీ గొప్ప ఫలితమేమీ కాదు. 1943 మేలో జర్మనీ నలభైకి పైగా జలాంతర్గాములను పోగొట్టుకున్న కాలమది. ఆ రోజుల్లో తక్కువ వేటకు కారణాలు చాలా ఉన్నాయి.

అందుకే తీర్పు వేట మీద కాదు, నౌకాదళం ఆ తరువాత ఏం చేసిందన్న దాని మీద నిలబెట్టాలి. సెప్టెంబర్ 1943లో యూ-180ను సేవ నుంచి తప్పించి బోర్డోలోనే మార్పులు మొదలుపెట్టారు. ఆరు మెర్సిడెస్ ఇంజన్లనూ తీసేశారు. వాటి చోట టైప్ 7 నౌకల్లో వాడే రకం రెండు డీజిళ్లు, ఒక్కొక్కటి 1,400 అశ్వశక్తివి, బిగించారు. 9,000 అశ్వశక్తి 2,800కు దిగింది. గరిష్ఠ వేగం 15.8 నాట్లకు పడిపోయింది. టార్పెడో గొట్టాలు తీసేసి 252 టన్నుల సరుకు పట్టేలా చేశారు. యూ-195కు కూడా ఇదే జరిగింది. ఒక రూపంలో కట్టిన రెండు నౌకలకూ ఒకే ఏడాది ఒకే చికిత్స జరిగిందంటే, ఒక్క ఇంజన్ చెడిపోయిన కథగా దీన్ని చదవలేం. ఆ రూపాన్నే వదులుకున్నారు. 9డీ2 మాత్రం యుద్ధం చివరిదాకా నడిచింది. యూ-196 ఒకే యాత్రలో 225 రోజులు సముద్రంలో ఉంది. యూ-862 ఆస్ట్రేలియా జలాల దాకా వెళ్లింది. అదే పొడవు, దాదాపు అదే బరువు, ఇంజన్లు వేరు.

సరుకు నౌకగా యూ-180 1944 ఆగస్టులో జపాన్‌కని బయలుదేరింది. దక్షిణ ఫ్రాన్స్‌లో మిత్రరాజ్యాల సైన్యాలు దిగాయి, బోర్డో ఖాళీ అవుతోంది. బిస్కే అఖాతంలో నౌక మాయమైంది. అందులోని 56 మందిలో ఒక్కరూ బతకలేదు. సముద్రపు మందుపాతర తగిలి మునిగిందని యుద్ధం తరువాత చాలా జాబితాల్లో రాశారు. ఆ రేవు ముఖద్వారంలో బ్రిటిష్ విమానాలు మందుపాతరలు జారవిడిచిన మాట నిజమే కనుక ఆ ఊహకు ఆధారం ఉంది. నీటి కింద ఉంటూనే గాలి పీల్చుకునే గొట్టం, స్నార్కెల్, మొరాయించి ఉండవచ్చన్న మరో వాదన కూడా వచ్చింది. పేలుడు చూసినవాడు లేడు, దాడి చేశామన్న విమానం లేదు. తరువాతి పరిశోధకులు పాత జాబితాల్లోని నిశ్చయాన్ని తగ్గించి, కారణం తేలని నష్టంగా నమోదు చేయడం సరైన పద్ధతి.

యూ-195 అదే ఆగస్టులో అదే రేవు నుంచి, అవే మార్చిన ఇంజన్లతో బయలుదేరి, డిసెంబర్ చివరలో ఈనాటి జకార్తా అయిన బటావియా చేరింది. జర్మనీ లొంగిపోయాక జపాన్ దాన్ని స్వాధీనం చేసుకుని ఐ-506 అని పేరు మార్చింది. నాలుగు నెలల ఆ ప్రయాణం 9డీ1 హల్ గట్టిదేనని చూపిస్తుంది. ఇంజన్లు మార్చాక ఆ నౌక అంత దూరం పోగలిగింది కనుక, మొదటి లోపం హల్‌లో కన్నా ఇంజన్ల ఎంపికలోనే ఉందన్న వాదనకు ఇది బలమైన ఆధారం. అయితే అప్పటికి అది వేటకు పోలేదు, విమానాలను తప్పించుకుంటూ నిదానంగా సరుకు మోసింది. కాబట్టి ఈ రుజువు దూరానికి సంబంధించినంతవరకే చెల్లుతుంది. 15.8 నాట్ల 9డీ1 వేట నౌకగా ఎలా నడిచేదో తేల్చడానికి ఈ ఒక్క ప్రయాణం చాలదు.